వంటింటి నేలకు నీలి అంచు

మా వంటింట్లోకి ఎవరూ అడుగు పెట్టేవారు కాదు. అమ్మంటే భయపడి కాదు, ఆమె చేసిన నేలను తొక్కడానికి మనసొప్పక.

అప్పటికి మా అమ్మానాన్నల గిర్మిట్ తీరిపోయింది. గిర్మిట్ అంటే అయిదేళ్ల కూలి ఒప్పందం. దాని మీద వేలిముద్రలు వేసి, విశాఖపట్నం దిక్కు పల్లె నుంచి మద్రాసు చేరి, అక్కడ ఓడెక్కి ఫిజీకి వచ్చారు. నేను లంబాసా దగ్గరి కూలి లైన్లో పుట్టాను. లైనంటే పొడుగాటి రేకుల కొట్టం, మధ్యమధ్య చెక్కలు కొట్టి గదులు చేసింది. మాకు అందులో ఒక గది. పొయ్యి, కట్టెలు, చెరుకు నరికే కత్తులు, ఆరని బట్టలు, మేం ముగ్గురం, అందరం అందులోనే. పండగ పూట గడప ముందు అమ్మ ముగ్గేస్తే, పనికి తోలడానికి వచ్చే తెల్ల మేస్త్రీ, కులంబరు బూటు కింద అది తెల్లారేసరికే చెరిగిపోయేది. గిర్మిట్ అయిపోయాక కూడా కొన్నేళ్లు ఆ గదిలోనే గడిపి, చివరికి నాన్న ఏటి వంపులో కాస్త చెరుకు నేల లీజుకు తీసుకున్నాడు. రెల్లుగోడలతో ఒక ఇల్లు కట్టి, పక్కనే వేరుగా వంటిల్లు కట్టాడు.

కట్టడం అయిన రోజు అమ్మను లోపలికి పిలిచి, "ఇది నీదే. నీకెలా కావాలంటే అలా సేసుకో" అన్నాడు.

అమ్మ గోడలు చూడలేదు, కప్పు చూడలేదు. తల వంచి, ఇంకా ఎగుడుదిగుడుగా ఉన్న ఆ మట్టినేలనే చూస్తూ నిలబడింది.

మర్నాటి నుంచి మన్ను తేవడం మొదలైంది. మా పొలం వెనక కొండ ఎర్రమన్ను కొండ. దాని పక్కనే, వానకు కోసుకుపోయిన గండిలో పసుపుపచ్చ మన్ను ఉండేది. ఏటి ఒడ్డున తెల్లసుద్ద. మడ చెట్ల కింద నల్లటి బురద. ఎప్పుడు కనిపెట్టిందో గానీ, కొండకు అవతలి పక్క ఒకచోట వంకాయరంగు మన్ను కూడా ఉందని అమ్మకు తెలుసు. బుట్ట నెత్తిన పెట్టుకుని అమ్మ, చిన్న గంప చంకన పెట్టుకుని నేను. "ఒలే, రాళ్లేరి తే, మన్నుతో పాటు రాళ్లు మొయ్యకు" అని కసిరేది. ఏ మన్నుకు ఆ మన్ను నానబెట్టి, గుడ్డలో వడగట్టి, గంజి కలిపింది. నేలను దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి, ఆరాక రంగులు పూయడం మొదలుపెట్టింది. పొయ్యి చుట్టూ నలుపు. దాన్ని చుట్టుకుని ఎరుపు. ఎరుపులోంచి పసుపుపచ్చ తీగలు గోడల దాకా పాకేవి. తీగల నడుమ తెల్లని చుక్కలు, వంకాయరంగు రేకులు. ఆరిన చోటల్లా ఏటిలో దొరికిన నున్నటి గులకరాయితో రుద్దేది. పగలు చెరుకు పని, మిగిలిన వెలుగంతా ఈ పని. ఆ రోజుల్లో మేం ఆరుబయటే వండుకున్నాం.

పని పూర్తయిన పొద్దున నేను నిద్ర లేచి వంటింటి తలుపు తోశాను. నాతోపాటు ఎండ కూడా లోపల పడింది. నేల ఒక్కసారిగా వెలిగింది. నీళ్లున్నాయనుకుని నేను వెనక్కి అడుగేశాను. అంత మెరుపు. కొండ, ఏరు, మడ అడవి అన్నీ మా ఇంట్లోకి వచ్చి పడుకున్నట్టు అనిపించింది. అక్కడే గడప మీద కూలబడ్డాను. మట్టి ఇలా కూడా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

చిక్కు కూడా ఆ రోజే మొదలైంది. నాన్న పొలం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గడప దాకా వచ్చి ఆగిపోయాడు. "కంచం ఇలా అందించు" అని బయటే కూర్చుని తిన్నాడు. నాన్నతో ఒకే ఓడలో వచ్చిన మా జహాజీ బాబాయి ఆదివారం పూట వచ్చాడు. ఎప్పుడూ పొయ్యి పక్కన చేరి కబుర్లు చెప్పే మనిషి, తలుపు చెక్క పట్టుకుని లోపలికి తొంగిచూస్తూ నిలబడ్డాడు.

"రా మరిదీ, కూకో" అంది అమ్మ.

"ఎక్కడ కూకోమంటావు వదినా? కాలెట్టాలంటే బయమేస్తంది."

రెండు మూడు వారాలు ఇలాగే నడిచింది. అమ్మకు మొదట్లో గర్వంగా ఉండేది, తర్వాత ఏడుపొచ్చింది. "నాను వంటిల్లు సేసుకున్నానా, గుడి కట్టానా? ఒక్కరూ లోనకొచ్చి తినరేటి!" అంది నాన్నతో. నేల మీద ఏదైనా పరిస్తే జనం కూర్చుంటారని అప్పుడు తోచింది. చక్కెర మిల్లు గోనెసంచి విప్పి పరిచింది. ఆ రంగుల మధ్య అది చచ్చిన జంతువులా పడి ఉంది. ఓడలో ఇచ్చిన బూడిదరంగు కంబళి పరిచింది. దాన్ని చూడగానే నాన్న మొహం తిప్పుకున్నాడు. అమ్మ తన ఎర్రచీర మడతపెట్టి వేసింది. ఎర్రమన్ను పక్కన చీర వెలిసిపోయినట్టూ, చీర పక్కన మన్ను మాసిపోయినట్టూ కనిపించాయి. అన్నిటినీ తీసేసింది.

మాకు దగ్గర్లో కాయ్‌బీతీల ఊరుండేది. ఫిజీవాళ్లను మావాళ్లు అలాగే పిలిచేవారు. అక్కడినుంచి ఒక ముసలామె పీతలు తెచ్చి ఇచ్చి, మా దగ్గర పప్పు, మిరపకాయలు పట్టుకెళ్లేది. వాళ్ల భాషలో బామ్మను బుబు అంటారు. మేమూ ఆమెను బుబు అనే పిలిచేవాళ్లం. ఒకరోజు ఆమె పీతల బుట్ట దించి వంటింటి వైపు చూసి, "ఓయిలే!" అని ఆశ్చర్యంతో గట్టిగా అరిచింది. నేను ఉలిక్కిపడ్డాను. అందరిలా ఆమె గుమ్మం దగ్గర ఆగలేదు. వంగి, మోకాళ్ల మీద లోపలికి పాకి, నేల మధ్యలో చతికిలబడింది. అరచేయి ఆ మన్ను మీద ఆనించి అలాగే ఉండిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలికి వచ్చిన మొదటి మనిషి ఆమే. అమ్మ కూడా పక్కనే కూర్చుంది. ఇద్దరికీ తెలిసిన మాటలు పట్టుమని పది కూడా లేవు, అవీ లైన్లలో వినే హిందీ మాటలే. పరచడానికి ఏమీ కుదరడం లేదని అమ్మ గోనెసంచి చూపించి, తల అడ్డంగా ఊపి, నేల తట్టి ఎలాగో చెప్పింది. బుబు నవ్వింది.

కొంతకాలానికి ఆమె ఒక చాప మోసుకొచ్చింది. వోయివోయి అనే మొగలి జాతి ఆకుతో అల్లింది, మీగడరంగులో ఉంది. అంచులు ఇంకా కట్టలేదు. వాళ్ల చాపల అందమంతా అంచుకు కట్టే ఉన్ని కుచ్చుల్లోనే ఉంటుంది. ఆమె సంచిలోంచి ఉన్ని ఉండలు తీసి వరసగా పెట్టి, ఏ రంగు కావాలో చెప్పమన్నట్టు అమ్మ మొహంలోకి చూసింది. నాన్న, నేను గడప బయట నుంచి చూస్తున్నాం.

అమ్మ ఎర్ర ఉన్ని చాప అంచున పెట్టింది. తీసేసింది. పసుపుపచ్చది పెడితే ఎవరో పసుపు ఒలకబోసినట్టుంది. ఆకుపచ్చది పెట్టినప్పుడు నాన్న, "బాగుంది, సెరుకులాగుంది" అన్నాడు.

"పొద్దల్లా సెరుకే సూత్తన్నాం. కూడు కాడ కూడా అదేనా?" అని అమ్మ దాన్నీ పక్కన పెట్టింది.

అప్పుడు బుబు సంచి అడుగు నుంచి నీలం ఉండ తీసింది. ముదురు నీలం. అమ్మ చటుక్కున చేయి అడ్డం పెట్టింది.

"అది వద్దు. నై, బుబు, నై."

బుబుకు అర్థం కాలేదు. నాన్నకు అర్థమైంది. అమ్మకు సముద్రం అంటే గిట్టదు. లంబాసా వెళ్లినప్పుడు ఏరు సముద్రంలో కలిసే వైపు కూడా చూసేది కాదు. అడిగితే, "ఓడ మీద సూసింది సాలు. పొద్దున లేత్తే నీలం, రాత్రి దాకా నీలం. మొదలు లేదు, సివర లేదు. మనుసులమే లేనట్టుండేది" అనేది.

కానీ బుబు అప్పటికే దారం విప్పేసింది. చాప చుట్టూ, మీగడరంగుకూ రంగుల మన్నుకూ నడుమ ఆ నీలాన్ని మెల్లగా పరుచుకుంటూ వచ్చి, కొసలు కలిపి వెనక్కి జరిగింది.

అప్పుడు జరిగింది నాకెప్పటికీ మరపురాదు. నేల లేచి కూర్చున్నట్టయింది. ఎరుపు అంతకుముందెన్నడూ లేనంత ఎర్రగా, పసుపు మరింత పచ్చగా, వంకాయరంగు రేకులు అప్పుడే విచ్చుకున్నట్టుగా కనిపించాయి. ఇన్నాళ్లూ ఆ రంగులన్నీ దేనికోసమో ఎదురుచూస్తున్నాయేమో అనిపించింది. మన్నులో నీలం దొరకదు. ఆ నేలకు కొరవడిన రంగు అదే. నాన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

అమ్మ చాలాసేపు చూసింది. చాప చుట్టూ మోకాళ్ల మీద తిరిగి, నాలుగు పక్కల నుంచీ చూసింది. వేలితో ఉన్ని తాకింది, దాని పక్కనున్న మన్ను తాకింది.

"ఓడ మీద నీలానికి గట్టు లేదు" అంది చివరికి. ఎవరితోనూ కాదు, తనలో తనే. "ఇక్కడ సుట్టూ మన్నుంది. నా మన్ను." తలెత్తి బుబును చూసింది. "ఇదే కట్టు. అచ్చా. వినాకా, బుబు."

వినాకా అంటే మంచిది, సంతోషం. బుబు అన్న పిలుపు కాక, వాళ్ల భాషలో అమ్మ పలికిన మొదటి మాట అది. బుబు రెండు చేతులూ ఎత్తి నవ్వుతూ చప్పట్లు చరిచింది.

ఇద్దరూ కలిసి ఆ కుచ్చులు కట్టారు. అమ్మకు ముడి వేయడం రాకపోతే బుబు చేయి పట్టి చూపించింది. చాప పరిచిన ఆదివారం జహాజీ బాబాయి వచ్చి, కాళ్లు రెండుసార్లు కడుక్కుని, చాప మధ్యలో పద్మాసనం వేసి కూర్చున్నాడు. పీతల పులుసుతో తలెత్తకుండా తిన్నాడు. "ఏటి మరిదీ, బాగోలేదా?" అని అమ్మ అడిగితే, "మనుసుల్లా కూకుని తిని ఎన్నాళ్లయింది వదినా" అన్నాడు. అమ్మ పొయ్యి వైపు తిరిగి ఊదుగొట్టం అందుకుంది. పొయ్యి మాత్రం బాగానే మండుతోంది.

ఆ తర్వాతి వానాకాలంలో పెద్ద గాలివాన వచ్చింది. అమ్మ ముందే చాప చుట్టి ఇంటి వాసాలకు కట్టింది కాబట్టి అది దక్కింది. వంటింటి కప్పు మాత్రం పొలంలో ఎక్కడో పడింది. గాలి తగ్గాక బయటికి వచ్చాం. అమ్మ ఏడుస్తుందని నేను ఆమె కొంగు పట్టుకున్నాను. కప్పు లేని గోడల మధ్య నుంచి నేలంతా కరిగి, గడప దాటి, వాకిట్లోకి పారుతోంది. ఎరుపు ఒక పాయ, పసుపు ఒక పాయ, తెలుపు, నలుపు. కొన్ని చోట్ల కలిసిపోయి, కొన్ని చోట్ల పక్కపక్కనే విడివిడిగా, పడిపోయిన చెరుకు మొదళ్ల దాకా వాకిలంతా రంగులే.

అమ్మ ఏడవలేదు. నోరు తెరిచి చూస్తూ నిలబడింది. "సూడవే" అంది గుసగుసగా, నా భుజం నొక్కి. "నానెంత సిన్నది సేశానో సూడు."

తర్వాత మన్ను బుట్ట ఎక్కడ కొట్టుకుపోయిందో వెతకమని నన్ను పంపి, తను చీర ఎగదోపుకుని, ఆ పాయలను తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుంటూ కొండవైపు నడవసాగింది.