ముందువరుస కోచ్ డెంజిల్ మేబ్రీ

డెంజిల్ మేబ్రీ మా దాణా కొట్టులో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. కోళ్ల మేత, గుర్రాల మేత, పశువులు నాకే ఉప్పు దిమ్మలు, ముళ్లకంచె చుట్టలు, ఎవరికి ఏది కావాలన్నా వెనక గోదాములోంచి మోసుకొచ్చి వాళ్ల బండిలో వేసేది అతనే. ఆరడుగుల మూడంగుళాల మనిషి. అరవై ఎనిమిదేళ్ల వయసులో కూడా నిండు బస్తాని పిల్లిని ఎత్తుకున్నట్టు చంకన పెట్టుకుని నడిచేవాడు. మాట మాత్రం తక్కువ. “అలాగే మిస్ వెర్నా” అని నాతో రోజుకి పదిసార్లు అనేవాడు. మిగతా మాటలన్నీ కలిపినా అన్ని ఉండేవి కావు.

కొట్టు మా నాన్నది. ఆయన పోయాక నా చేతికొచ్చింది. ముందు గదిలో ఒక ఇనప పొయ్యి, దాని చుట్టూ ఆరు కుర్చీలు, పక్కన కాఫీ. పొద్దున ఆరున్నరకి నేను తాళం తీసేసరికే కోయ్ వెదర్స్ గుమ్మంలో నిలబడి ఉండేవాడు. కోయ్ ముప్పై ఏళ్లు మా ఊళ్లో ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. ఏ ఇంటికి ఎవరి దగ్గర్నుంచి ఉత్తరాలు వచ్చేవో, ఎప్పుడు ఆగిపోయాయో ఇప్పటికీ చెప్పగలడు. అతని వెనకే పికెన్స్ వచ్చేవాడు. ఆరు షెడ్ల నిండా కోళ్లున్న రైతు. వాళ్లావిడ కట్టిచ్చిన, మాంసం సాసేజి మధ్యలో పెట్టిన మెత్తటి బిస్కెట్ రొట్టెల పొట్లం విప్పి అందరికీ పంచేవాడు. తర్వాత మరో ఇద్దరు ముగ్గురు చేరేవారు. వీళ్లకి లోకంలో ఒకటే పని, మా టాల్బర్ట్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు. కాలితో తన్నేది కాదు, బంతిని చేత్తో విసిరి, చంకన పెట్టుకుని పరిగెత్తే మా అమెరికా ఆట. ఆకులు రాలే మూడు నెలలూ ఆట చూసేవారు. మిగతా తొమ్మిది నెలలూ దాని గురించి దెబ్బలాడుకునేవారు.

జనవరిలో ఆ దెబ్బలాట మరీ ముదిరేది. పాత సహాయ కోచ్‌లని పంపించడం, కొత్తవాళ్లని తెచ్చుకోవడం ఆ నెలలోనే. కాలేజీవాళ్లు ఎన్నడూ వీళ్ల సలహా అడిగింది లేదు. అయినా ఎవర్ని తెస్తే జట్టు బాగుపడుతుందో, ఎవర్ని తెస్తే మునిగిపోతుందో మా పొయ్యి దగ్గర తేలిపోయేది.

ఆ మాటలు మొదలవగానే డెంజిల్ గోదాములోకి వెళ్లిపోయేవాడు. సర్దిన బస్తాలే మళ్లీ సర్దుతున్న చప్పుడు వినిపించేది. ఎందుకంటే ఒకప్పుడు అతనూ ఆ సహాయ కోచ్‌లలో ఒకడు. ఎనభై తొమ్మిదిలో మా కాలేజీకి ముందువరుస కోచ్‌గా వచ్చాడు. ముందువరుస అంటే బంతి విసిరే కుర్రాడికి అడ్డంగా గోడలా నిలబడే ఐదుగురు. జనం చూసేది బంతిని. ఆ ఐదుగురిని చూసేవాళ్లు ఉండరు, వాళ్లలో ఒకడు తప్పు చేస్తే తప్ప. వాళ్ల కోచ్ పనీ అంతే.

మా ఊరు అతనికి పదేళ్లలో ఐదోది. సహాయ కోచ్‌ల బతుకు అలాగే ఉంటుంది. ఏడాది ఒప్పందం, రెండేళ్ల ఒప్పందం, పెద్ద కోచ్ ఓడిపోతే అందరూ కలిసి సామాను సర్దుకోవడం. అతని భార్య నెల్డా చక్కని మనిషి. పిల్లల్లేరు. ప్రతి ఆదివారం ముందువరుస కుర్రాళ్లందర్నీ ఇంటికి పిలిచి చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె పెట్టేది. మిల్లు రోడ్డులో ఇల్లు కొనుక్కున్నారు. అదే వాళ్ల మొదటి సొంతిల్లు. కొన్న రోజున నెల్డా సామాను సర్దే అట్టపెట్టెలన్నీ పెరట్లో తగలబెట్టిందని మా అమ్మ చెప్పేది.

తొంభై రెండులో, సొంతూళ్లో ఆడిన ఆఖరి ఆటలో, బంతి విసిరే కుర్రాడు లానీ స్పైవీ మోకాలు విరిగింది. ఎడమ చివర నుంచి ఎదటి జట్టువాడు అడ్డూ ఆపూ లేకుండా వచ్చి గుద్దేశాడు. లానీ మళ్లీ ఆడలేదు. ఇప్పుడు పక్క కౌంటీలో ట్రాక్టర్లు అమ్ముకుంటూ కుంటుతూ నడుస్తాడు. ఆ వారమంతా ఊరి పేపర్లో ఉత్తరాలే. ముందువరుస కోచ్‌ని పంపెయ్యాలని. మా కొట్టులోనూ అదే మాట. మేబ్రీకి చర్చిలో పాటలు నేర్పే పని ఇస్తే సరిపోతుందని కోయ్ అన్నది నేను నా చెవులతో విన్నాను. డిసెంబరు మొదటివారంలో డెంజిల్‌ని తీసేశారు. పెద్ద కోచ్ మాత్రం ఉండిపోయాడు.

కాన్సస్ నుంచి ఒక కాలేజీవాళ్లు రమ్మన్నారు. నెల్డా ఇంక సామాను సర్దనంది. డెంజిల్ వెళ్లలేదు. ఆమె కోసం ఆట వదిలేసి స్కూలు బస్సు నడిపాడు. రెండేళ్లు గడిచాక నెల్డాయే వెళ్లిపోయింది, అలబామాలో అక్క దగ్గరికి. వెళ్లేముందు మా అమ్మతో అందట: “ఆట ఉన్నప్పుడు మనిషి ఇంట్లో ఉండేవాడు కాదు. ఆట పోయాక ఇంట్లోనే ఉన్నాడు గానీ మనిషి లేడు. కుర్చీలో కూర్చుని గోడ వైపు చూస్తాడు. నాకు చేతకావటం లేదు.” ఆ మరుసటి ఏడాది మా నాన్న అతనికి గోదాములో పని ఇచ్చాడు.

ఇదంతా మా ఊళ్లో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ అతని ముందు ఆ ఊసెత్తేవారు కాదు. మర్యాద అనుకునేవారు. అతనేమో తనని ఎవరూ ఏదీ అడగాలనుకోవడం లేదని అనుకున్నాడు. ఇరవై ఆరేళ్లు అలా గడిచిపోయాయి.

రెండువేల ఇరవై రెండు జనవరిలో కాలేజీకి కొత్త పెద్ద కోచ్ వచ్చాడు. ముందువరుస కోచ్ పదవి ఖాళీ. ఒక మంగళవారం పొద్దున కోయ్ కళ్లజోడు ముక్కుమీదికి జార్చుకుని ఫోన్లో అభిమానుల సైటు చదివి వినిపిస్తున్నాడు.

“ముగ్గురి పేర్లు పెట్టారు. మొదటివాడికి ఇరవై తొమ్మిదేళ్లు. పెద్ద యూనివర్సిటీలో చేస్తున్నాడు. ఎదటివాళ్ల ఎత్తుగడలన్నీ కంప్యూటర్లో చూసేస్తాడట.”

“కంప్యూటర్ని ఎవడైనా గుద్ది పడేస్తే అప్పుడేం చూస్తాడు?” అన్నాడు పికెన్స్.

“రెండోవాడు పాతకాపు. కాకపోతే నాలుగు కాలేజీలు తీసేశాయి.”

“నాలుగు కాలేజీలు పెట్టుకున్నాయి కూడా కదరా. అది చూడవేం?”

“నువ్వు కోళ్లని అలాగే కొంటావా? నలుగురు వద్దన్నదాన్నే ఏరుకుని?”

పొయ్యి చుట్టూ నవ్వారు. పికెన్స్ బిస్కెట్ నములుతూ, “మూడోవాడెవడో చెప్పు,” అన్నాడు.

“మార్విస్ డాబ్నీ. మన దగ్గర ఆడినవాడే. మిసిసిపీలో ఏదో హైస్కూలుకి కోచ్‌గా ఉన్నాడు.” కోయ్ ఫోను జేబులో పెట్టేశాడు. “వీడు మాత్రం వద్దు బాబూ. లానీ మోకాలు పోయింది ఎవడివల్ల? ఎడమ చివర నిలబడింది వీడేగా. ఇంటికొచ్చిన చుట్టానికి తలుపు తీసినట్టు పక్కకి జరిగాడు.”

డెంజిల్ అప్పుడే గోదాము తలుపు దగ్గరికి వచ్చాడు. చేతుల్లో ఉప్పు దిమ్మ ఉంది. పికెన్స్ బండి కోసం తెస్తున్నాడు. అతను వెనక్కి వెళ్లిపోతాడనుకున్నాను.

“అది మార్విస్ తప్పు కాదు,” అన్నాడు.

కోయ్ కుర్చీలో వెనక్కి తిరిగాడు. డెంజిల్ దిమ్మని నేలమీద పెట్టి నడుం నిటారు చేసుకున్నాడు.

“లోపలికి జరగమన్నది నేను. మధ్య విరామంలో, ఎవరు ఎవర్ని అడ్డుకోవాలో చెప్పే పిలుపులు మార్చాను. బయటివాడిని వదిలేసి లోపలివాడిని పట్టుకోమన్నాను. మార్విస్ చెప్పాడు, కోచ్, అలా చేస్తే బయటివాడు ఖాళీగా వచ్చేస్తాడని. చెప్పింది చెయ్యమన్నాను. చేశాడు.”

పికెన్స్ చేతిలో బిస్కెట్ అలాగే ఉండిపోయింది.

“ఆ మాట అప్పుడే చెప్పాల్సింది,” అన్నాడు డెంజిల్. “పెద్ద కోచ్‌కి చెప్పాను. ఎలాగూ నన్ను తీసేస్తున్నారు, ఇంక పేపరుకి ఎందుకన్నాడు. ఊరుకున్నాను.”

“ముప్పై ఏళ్లయిపోయింది కదా డెంజిల్,” అన్నాడు కోయ్. గొంతు తగ్గింది. “అప్పుడు నేను కూడా నిన్ను ఏవేవో అన్నాను.”

“విన్నాను.”

పికెన్స్ బిస్కెట్‌ని తిరిగి పొట్లంలో పెట్టి అన్నాడు: “అయితే నువ్వు చెప్పు. నీకైతే ఈ ముగ్గురిలో ఎవరు కావాలి?”

ఇరవై ఆరేళ్లలో అతన్ని ఆట గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. డెంజిల్ గోదాములోకి వెళ్లి మరో నాలుగు ఉప్పు దిమ్మలు తెచ్చి వరసగా పేర్చాడు. వాటికెదురుగా కోళ్లమేత డబ్బాలు పెట్టాడు. కాళ్లు ఎలా వెయ్యాలో, భుజం ఎక్కడుండాలో, ఎదటివాడి మోచేతిని చూసి వాడెటు కదలబోతున్నాడో ఎలా కనిపెట్టాలో చెప్పాడు. మోకాళ్లు వంచి చేసి చూపించాడు. అరగంట మాట్లాడాడు. అతనికి అంత గొంతు ఉందని నాకు అంతవరకూ తెలీదు. మేత కోసం వచ్చిన ఇద్దరు రైతులు బస్తాలు అడగడం మర్చిపోయి నిలబడ్డారు.

“మార్విస్‌కి నేను చెప్పేది నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే అనేవాడు. అయినా చేసేవాడు,” అన్నాడు చివర్లో. “అలాంటివాడు కుర్రాళ్ల మాట వింటాడు. నాకైతే వాడే కావాలి.”

అప్పట్నుంచీ పొయ్యి దగ్గర ఒక కుర్చీ అతనికి ఖాళీగా ఉంచారు. అతను వచ్చి కూర్చునేవాడు. పరిహారం చేద్దామనుకున్నాడో ఏమో, కోయ్ ఆ సంగతంతా అభిమానుల సైట్లో రాసేశాడు. మర్నాడు నలభై జవాబులు వచ్చాయన్నాడు. ఎప్పుడూ అడక్కుండానే చదివి వినిపించేవాడు ఆ రోజు ఫోను జేబులోంచి తియ్యలేదు. ఏం రాశారని నేను చాటుగా అడిగితే, “వదిలెయ్ మిస్ వెర్నా,” అన్నాడు.

ఆ శుక్రవారమే కాలేజీవాళ్లు ఇరవై తొమ్మిదేళ్లవాణ్ని తీసుకున్నారు.

సోమవారం మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు డెంజిల్ వచ్చి, ఫోను వాడుకోవచ్చా అని అడిగాడు. సెల్‌ఫోన్ అతను కొనలేదు. చేతిలో కాగితం ముక్క, దానిమీద కోయ్ రాసిచ్చిన నంబరు. నేను పక్కకి వెళ్లబోయాను గానీ మార్విస్ డాబ్నీది మైదానం గొంతు. గదిలో ఎక్కడున్నా వినిపించేలా ఉంది.

“ఎవరండీ?”

“డెంజిల్ మేబ్రీని. టాల్బర్ట్‌లో...”

“కోచ్! కోచ్, మీరింకా ఆ ఊళ్లోనే ఉన్నారా? మీరు పోయారని నాకెవడో చెప్పాడు.”

“ఇంకా లేదు.”

మార్విస్ పెద్దగా నవ్వాడు. ఉద్యోగం రానందుకు తనకేం బాధ లేదన్నాడు. భార్య కూడా సామాను సర్దడం తప్పిందని సంతోషించిందన్నాడు. డెంజిల్ కౌంటరు అంచు పట్టుకుని విన్నాడు. తర్వాత, నీతో ఒక సంగతి చెప్పాలని ఫోను చేశానంటూ ఆ ఆట, ఆ విరామం, మార్చిన పిలుపులు, అన్నీ వరసగా చెప్పాడు.

“లానీ మోకాలు గుర్తుంది కోచ్,” అన్నాడు మార్విస్. “అది ఎలా పోయిందో మాత్రం గుర్తులేదు. ఆ ఏడాది అందరి చేతా తన్నులు తిన్నాం కదా, ఏది ఏ ఆటలో జరిగిందో అంతా కలిసిపోయింది.”

“నువ్వు నాకు ముందే చెప్పావు. నేను వినలేదు.”

“చెప్పే ఉంటాను. నా నోరు ఊరుకునేది కాదుగా.”

“నీమీదికి వచ్చింది ఆ మాట.”

“ఎవరన్నారు? నాతో ఎవరూ అన్లేదే. కోచ్, మీరు ఇన్నాళ్లూ ఇది పట్టుకుని కూర్చున్నారా?”

డెంజిల్ కాగితం ముక్కని కౌంటరు మీద పెట్టి వేలితో సాపు చేశాడు.

“నాకు బాగా గుర్తున్నదేంటో చెప్పనా? మీ ఇంట్లో ఆదివారాలు. ఆ మొక్కజొన్న రొట్టె గురించి మా ఆవిడకి ఇప్పటికీ చెప్తుంటాను, తను విసుక్కుంటుంది కూడా. మిస్ నెల్డా ఎలా ఉన్నారు?”

“బాగుంది,” అన్నాడు డెంజిల్.

“నేను అడిగానని చెప్పండి.”

“చెప్తాను.”

ఫోను పెట్టేశాక కాగితం ముక్కని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. “థాంక్స్ మిస్ వెర్నా,” అని గోదాములోకి వెళ్లాడు. ఆ సాయంత్రం దాకా బస్తాల చప్పుడు కూడా వినిపించలేదు. వెళ్లి చూడాలనిపించింది. వెళ్లలేదు. చూస్తే ఏమనాలో నాకు తెలీదు.

ఫిబ్రవరి వచ్చేసరికి పదవులన్నీ నిండిపోయాయి. పొయ్యి దగ్గర మాట టర్కీ కోళ్ల వేట మీదికి, వాన మీదికి మళ్లింది. డెంజిల్ వేటకి వెళ్లడు. వాన గురించి చెప్పడానికీ అతని దగ్గర ఏమీ లేదు. కుర్చీలో కూర్చోవడం తగ్గించాడు. పొమ్మన్నవాళ్లు లేరు. ఒకరోజు పికెన్స్ తన కోటు ఆ కుర్చీ మీద వేశాడు. ఆ తర్వాత అది కోటు తగిలించే చోటయింది.

సెప్టెంబర్లో ఆటలు మొదలైనప్పుడు కోయ్ తన తమ్ముడి సీటు ఖాళీగా ఉందని బలవంతం చేసి డెంజిల్‌ని మైదానానికి తీసుకెళ్లాడు. ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి. బంతి ఎటు పోతోందో అతను చూడనే లేదనీ, ముందువరుసలో ఐదుగురినే చూస్తూ పెదాలు కదుపుతూ కూర్చున్నాడనీ కోయ్ చెప్పాడు. మూడు శనివారాలు వెళ్లాడు. నాలుగోసారి కోయ్ బండి గుమ్మంలో హారన్ కొడుతుంటే, ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాడు నాతో.

“నిజంగానే బాగాలేదా?” అని అడిగాను.

“అంతమంది మధ్య కూర్చోవడం నాకు రాదు మిస్ వెర్నా. చిన్నప్పటినుంచీ మైదానం అంచున గీత దగ్గర నిలబడటమే తెలుసు. అక్కణ్నుంచి ఆట వేరేగా కనబడుతుంది.” చీపురు తీసుకుని ఊడ్చిన నేలనే మళ్లీ ఊడవడం మొదలుపెట్టాడు. “ఇంటికెళ్లమంటే వెళ్తాను.”

శనివారాలు ఒంటిగంటకే మేం కొట్టు మూసేస్తాం. ఆట ఉన్న రోజున ఊళ్లో దాణా కొనేవాడు ఉండడు. నేను ఆ రోజు మూయలేదు. లెక్కలు చూసుకోవాలి, కాస్త ఉండమన్నాను. ఆ తర్వాతి శనివారం ఇంకేదో వంక చెప్పాను. తర్వాత వంకలు కూడా చెప్పలేదు. అతను గోదాములో, నేను కౌంటరు దగ్గర. మైదానం వైపు నుంచి అప్పుడప్పుడూ జనం కేక గాలిలో తేలి వచ్చేది. అతను చేతిలో పని ఆపి, అది మన జట్టుకి మంచిదో చెడ్డదో పోల్చుకుని, మళ్లీ పనిలో పడేవాడు. నాలుగున్నరకి నేను తాళం వేస్తుంటే టోపీ పెట్టుకుని, “సోమవారం వస్తాను మిస్ వెర్నా,” అని మిల్లు రోడ్డు వైపు నడిచేవాడు.