తొంభై పేజీల యుద్ధం

మా నరసింగరావు గారికి ఒక్కటే పట్టుదల. ఎంత పెద్ద యుద్ధమైనా సరే, పుస్తకంలో తొంభై పేజీలు దాటకూడదు. దాటితే అది చరిత్ర కాదు, చదివేవాడి మీద ఇంకో యుద్ధం అనేవారు.

బొబ్బిలిలో బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఒక చిన్న పఠనమందిరం ఉండేది. దాన్ని తెరిచేది, ఊడ్చేది, పుస్తకాలిచ్చేది అన్నీ ఆయనే. నేను అప్పట్లో, అంటే అరవై ఎనిమిదిలో, బీమా ఏజెంటుని. నన్ను చూడగానే జనం తలుపులేసుకునేవారు కనక, సాయంత్రాలు తలుపు తెరిచి ఉన్న ఆ ఒక్క చోట కూర్చునేవాణ్ణి.

రెండో ప్రపంచయుద్ధం మీద అక్కడ రెండు పుస్తకాలుండేవి. ఒకటి జేబులో పట్టే తెలుగు పుస్తకం. దానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, ఆయన కళ్ళకద్దుకుని తీసేవారు. రెండోది ఊరు విడిచిపోతూ ఒక వకీలు గారు దానమిచ్చిన ఇంగ్లీషు గ్రంథం, మూడు సంపుటాలు. మొదటి సంపుటం కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. రెండోది కాలు విరిగిన బల్ల కింద ఉండేది. మూడోదాని మీద ఆయన కూర్చునేవారు.

"అంత గొప్ప గ్రంథాన్ని అలా వాడొచ్చాండీ?" అన్నాను ఒకసారి.

"లావు పుస్తకం రాసినోడు పేజీలు నింపాల గదా బాబూ. నింపడానికి మనుషుల్ని సంపుకుంటూ పోతాడు. సిన్న పుస్తకంలో సావడానికి సోటుండదు. అదీ దాని గొప్ప."

నాకు అర్థం కాలేదు. అయినా తలూపాను.

బస్సు కోసం కాచుకుని ఉన్న రైతులకి ఆయన ఆ చిన్న పుస్తకాన్ని పైకి చదివి వినిపించేవారు. అందులో ఒక పేరాలో ఫ్రాన్సు పడిపోయేది, మనం ఊపిరి తీసుకునేలోగా లేచి నిలబడేది. ఎవరు ఎవరి మీద పడుతున్నారో వినేవాళ్ళకి తెలిసేది కాదు. రోజూ విన్న నాకూ తెలిసేది కాదు.

"రష్యావోడు ఇంతకీ ఎవుల పచ్చం?" అని అడిగాడు చెరకు రైతు కూర్మయ్య.

"ముందు ఆ పచ్చం, తరవాత ఈ పచ్చం."

"అయితే మా బావమరిదిలాటోడే. ఆకరికి ఎవులు గెలిసినారు?"

"నువ్వే. అదుగో నీ బస్సొచ్చింది. యుద్ధం అయిపోనాది, లెగు."

కూర్మయ్య నిజంగానే గెలిచినవాడిలా బస్సెక్కేవాడు. ఆరేళ్ళ యుద్ధం భోజనాల వేళకి ముగిసిపోవడంలో ఏదో సుఖం ఉందని నాకూ అనిపించేది.

ఒక సాయంత్రం గున్నమ్మ వచ్చింది. పక్క పల్లెనుంచి సంతకి కూరగాయలు తెచ్చే మనిషి. ఆమె మొగుడు దాలయ్య యుద్ధానికి ముందు రంగం వెళ్ళాడు. రంగూనుని మావైపు రంగం అనే అంటారు. అక్కడి బియ్యం మిల్లులో పనికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. గున్నమ్మ మాత్రం బొట్టూ గాజులూ తియ్యలేదు. తల్లి చచ్చిపోయిన మనవరాలు చిన్నతల్లిని పెంచి పెద్ద చేసింది, ఇప్పుడు ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది.

గున్నమ్మ వెనకే పెళ్ళికొడుకు తండ్రి గణపతిరావు గొడుగుతో దిగాడు. తాలూకా ఆఫీసులో చేసి రిటైరైనవాడు, కాగితం మీద ఉంటేనే నమ్ముతాడు.

"పెళ్ళికి ముందు పసుపు కొట్టేటప్పుడు మొదటి పోటు ముత్తయిదువ ఎయ్యాల. అమ్మమ్మే ఎయ్యాల, లేకపోతే పీటల మీద కూకోనంతంది ఆ గుంట. ఈవిడ ముత్తయిదువో కాదో ఎవులికీ తెల్దు. రంగం నుంచి నడిసొచ్చినోళ్ళు అడవుల్లో శానామంది పోయారంట. ఆ సంగతున్న పెద్ద పుస్తకం మీకాడ ఉన్నాదంట, తియ్యండి."

గున్నమ్మ గాజులు తిప్పుకుంటూ బల్ల చివర కూర్చుంది. "తల్లి లేని గుంట బాబూ. ఒక్క పోటు ఎయ్యనిస్తే సాలు నాకు."

నరసింగరావు గారు చిన్న పుస్తకం కళ్ళకద్దుకుని తెరిచారు. "'జపాను సేనలు రంగూను నగరమును ప్రవేశించెను. అచ్చటి భారతీయులు అనేకులు స్వదేశమునకు బయలుదేరిరి.' అంతే. బయలుదేరిరి అని ఉన్నాది. పోయిరి అని లేదు."

"ఇరవయ్యారేళ్ళయింది గదండీ," అన్నాడు గణపతిరావు.

"అడవి దారి బాబూ," అన్నారు నరసింగరావు గారు.

గణపతిరావు నావైపు తిరిగాడు. "మీరు బీమావోరు. ఏడేళ్ళు కనబడకపోతే సచ్చినట్టే గదా?"

"లెక్కకి అంతేనండి," అన్నాను నసుగుతూ.

"దాలయ్య బీమా కట్టినాడా?" అన్నారు నరసింగరావు గారు.

"లేదండి."

"కట్టనోడికి ఆ లెక్క ఎలాగొస్తాది?"

ఎక్కడో తిరకాసు ఉందని తెలుస్తూనే ఉంది, ఎక్కడుందో తెలియలేదు. దానికీ తలూపాను.

గణపతిరావు మాత్రం పట్టు విడవలేదు. పెద్ద పుస్తకం తీస్తేగానీ కదలనన్నాడు. నరసింగరావు గారు కిటికీ దగ్గరకెళ్ళి, అక్కడున్న సంపుటం లాగి, దుమ్ము దులిపి చేతిలో పెట్టారు. కిటికీ రెక్క టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది.

గణపతిరావు కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, మొదటి పేజీనుంచీ చదివాడు. ముందు మొదటి ప్రపంచయుద్ధం తాలూకు ఒప్పందాలు వచ్చాయి. తరవాత జర్మనీలో రొట్టె ధర వచ్చింది. దీపాలు పెట్టే వేళకి కూడా ఎవరూ ఎవర్నీ ఒక్క దెబ్బ కొట్టలేదు.

"రంగం ఎక్కడొస్తాది?" అన్నాడు చెమట తుడుచుకుని.

"వస్తాది. సదవండి."

బయట రామభద్రపురం బస్సు హారను కొట్టింది. వాళ్ళ ఊరికి అదే ఆఖరి బస్సు. గణపతిరావు బస్సునీ, మిగిలిన పేజీల మందాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఆ సిన్న పుస్తకంలో ఏటని ఉన్నాదన్నారు?"

"బయలుదేరిరి."

"సరే, అదే కానీండి." గొడుగు చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. బస్సు కదులుతుంటే తల బయటపెట్టి, "పసుపు మెత్తగా కొట్టమ్మా," అని కేకేశాడు. గున్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, నవ్వుకుంటూ ఇంటిదారి పట్టింది.

"ఇంకో గంటుంటే ఆయనకి రంగం దొరికేసేదండీ," అన్నాను నేను.

"దొరకదు. రంగం రెండో సంపుటంలో ఉన్నాది."

నేను వంగి బల్ల కాలు కింద చూశాను. "మీరు చదివారా అది?"

"సదివాను బాబూ. అందుకే దాన్ని అక్కడెట్టినాను."

ఆ మనిషంటే నాకు ప్రాణమైపోయింది. ఆయన మాత్రం కిటికీకి సంపుటం అడ్డం పెట్టే పనిలో పడ్డారు.

పెళ్ళయిన వారానికి గున్నమ్మ అరిసెలు తెచ్చింది. గోళ్ళలో పసుపు ఇంకా పోలేదు. "ఆ ముక్క ఇంకోపాలి సదువు బాబూ," అంది.

ఆయన చదివారు. బయలుదేరిరి అన్న దగ్గర ఆగారు.

"తరవాతేటైంది?"

"తరవాత పేజీలో రష్యా వస్తాది."

"రష్యా మనకెందుకు," అని గున్నమ్మ తనే పుస్తకం మూసి, ఆయన చేతిలో ఒక అరిసె పెట్టింది.