బదులు మనిషి

మా ఊరు పేరుకు మండల కేంద్రం. ఉన్నది ఒక్కటే రోడ్డు. ఆ కొసన పోలీసు స్టేషను, ఈ కొసన పశువుల ఆసుపత్రి, నడుమ మండలాఫీసు, బ్యాంకు, హైస్కూలు, ఒక అద్దె కొంపలో మా పోస్టాఫీసు. పుంగనూరు బస్సు సరిగ్గా మా గుమ్మం ఎదురుగానే ఆగుతుంది. ఆ బస్సెక్కలేని మనిషి ఒకాయన పంతొమ్మిదేళ్లు దాని పక్కనుంచే నడిచాడు. ఆయన్ని ఆపిన పోస్టుమాస్టరును నేనే గనక ఈ సంగతి చెప్పాల్సిందీ నేనే.

మునస్వామి టపా సంచీ మోసేవాడు. పొద్దున్నే వాళ్ల పల్లెలో సంచీ తీసుకుని, గుట్ట దిగి, వంక దాటి మా దగ్గరికొస్తాడు. మధ్యాహ్నం నేను సీలు వేసిచ్చిన సంచీతో మళ్లీ గుట్టెక్కుతాడు. రానూ పోనూ పది మైళ్లు. జీతం సగం, రూల్స్ మాత్రం నిండుగా. అందులో పాడు రూలు ఒకటుంది. సెలవు కావాలంటే బదులు మనిషిని తానే వెతికి పెట్టాలి. వాడికి చదువు రావాలి, నమ్మకస్తుడై ఉండాలి, కాళ్లూ గట్టిగా ఉండాలి. అన్నీ ఉన్నవాడు ఈ గుట్ట ఎందుకెక్కుతాడు?

తొంభై ఆరు ఎండాకాలంలో కుప్పం నుంచి ఆయనకు ఉత్తరమొచ్చింది. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచిన అక్క గంగులమ్మ రాయించింది.

"అక్క మంచం పట్టిందంట సార్. ఒకసారి వచ్చి సూసిపో అంటాంది. రెండు దినాలు పోయొస్తా."

"బదులు మనిషి యాడప్పా?" అన్నాను. ఆ పూట నా నోటికి అంతకన్నా మంచి మాట రాలేదు.

నెల తిరిగాడు. చివరికి వాళ్ల పక్కింటి నారాయణస్వామి సరేనన్నాడు. సోమవారం నుంచని కాగితం కూడా రాసుకున్నాం. అక్కకని మునస్వామి రాగి పిండి విసిరించి మూట కట్టుకున్నాడు. ఆదివారం మదనపల్లె మార్కెట్ యార్డులో టమోటా రేటు ఎగిరింది. నారాయణస్వామి తన తోటలో ఉన్న కాయంతా కోయించి లారీతో పాటే పోయాడు. ఆయన్ని అని ఏం లాభం? పండిన కాయ ఎవరి కోసం ఆగుతుంది?

సోమవారం మునస్వామి మామూలుగానే వచ్చాడు. నా మొహం చూడకుండా సంచీ తీసుకుపోయాడు.

శుక్రవారం ఉత్తరాలు వేరు చేస్తుంటే మూలలకు నల్ల సిరా పూసిన కార్డు చేతికొచ్చింది. మా పక్క చావు కబురు అట్లాగే వస్తుంది. అడ్రసు మునస్వామిది. రూలు ప్రకారం అది సంచీలో పడి, సీలై, ఆయన భుజం మీదే గుట్టెక్కి, పల్లెలో సంచీ విప్పాక ఆయనకు అందాలి. అంత పాపం నా వల్ల కాలేదు. పిలిచి చేతికిచ్చాను.

చదువుకున్నాడు. అక్క పోయింది మంగళవారం. సోమవారం బయల్దేరి ఉంటే కళ్లారా చూసుకునేవాడే. అట్లాంటి కార్డు ఇంటికి తీసుకుపోకూడదు గనక వీధిలోనే చించేశాడు. కొళాయి కింద తల తడుపుకుని, కారే నీళ్లతోనే లోపలికొచ్చాడు.

బయట పుంగనూరు బస్సు వచ్చి ఆగింది. కుప్పం పోవాలన్నా అదే ఎక్కాలి.

"పో మునస్వామీ. ఈ పొద్దు సంచీ పోకుంటే పోనీ, పైవాళ్లకు నేను రాసుకుంటాను," అన్నాను. నెల కిందట అనాల్సిన మాట అది. అప్పుడు అనలేకపోయినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

"ఇప్పుడు పోయి ఎవురిని సూసేది సార్?" అన్నాడు. "సంచీ ఇయ్యండి. ఆడ పల్లెలో జనం కాసుకోనుండారు."

సీలు వేసి ఇచ్చాను.