పై చేని మన్ను

అక్టోబరు పద్దెనిమిది. ఇల్లు తుడవడం అయింది. దోసెపిండి రుబ్బడం అయింది. మామకు రాగిజావ కాచాను; తాగలేదు. నేను గ్లాసు పట్టుకుని పిలుస్తుండగానే మా ఆయన తండ్రి, నాకు మామ, పోయారు.

ఐరాల దగ్గర మాది కొండవాలు చేను. అలాంటి సేద్యం చేసినవాళ్లకు ఈ సంగతి తెలిసే ఉంటుంది: వాన పడిన ప్రతిసారీ పైమన్ను కొట్టుకుపోయి కింది చేనులో చేరుతుంది. మామ దాన్ని గంపకెత్తి, నెత్తిన పెట్టుకుని, మళ్లీ పైకి మోసేవారు. గంపకొక గీత చొప్పున నేను క్యాలెండరు వెనక గీసేదాన్ని.

"ఈ మన్ను చివరికి యాడికి పోతాది మామా?" అని కొత్తలో అడిగాను.

"యేట్లోకి. ఆడ్నుంచి అరవ దేశం దాటి సముద్రంలోకి. మన మన్నులో వాళ్లు వరి పండిస్తారు, మనం పోయి వాళ్ల బియ్యం కొంటాం," అన్నారు నవ్వకుండా.

కింది చేను రైతు గట్టు మీద కూర్చుని ఎగతాళి చేసేవాడు. "ఏమన్నా, కొండకే మన్ను మోస్తా ఉండావే. కొండ జీతమిస్తాదా?"

"కొండ గూడా దిగతానే ఉండాదప్పా. సూసేదానికి మన ఆయుసు సాలదు, అంతే."

మా పై చేని మొదట్లో ఒక రాతికూసం, నిలువు రాతిస్తంభం, పాతి ఉంది. నేను కాపురానికి వచ్చిన ఏడు, నేలకు సమంగా మామ దాని మీద ఉలితో గాటు పెట్టారు. ఇప్పుడా గాటు నా మోకాలి ఎత్తున ఉంది. నేల అంత దిగిపోయింది. నా గీతలన్నీ కలిసి దాన్ని ఆపలేదని ఒకసారి చెప్పాను.

"తెలుసు మ్మా. ఈ గంప నా నెత్తికెత్తు," అన్నారు.

ఆయన కోరింది ఒక్కటే. "నన్ను పై చేన్లోనే పెట్టండి. ఆ మన్నన్నా పోకుండా పట్టుకోనుంటా."

ఆ మధ్యాహ్నం పై చేనులో గుంత తీశారు. మోకాలి లోతుకే గడ్డపార రాతికి తగిలి ఖంగుమంది. ఇంకోచోట తవ్వారు. అక్కడా రాయే. మూడోచోట మా ఆయన గడ్డపార వదిలేసి కూలబడ్డారు. ఒక మనిషిని పెట్టేంత మన్ను మాకు మిగల్లేదు.

కింది చేను రైతు పైకొచ్చాడు. ఈసారి ఎగతాళి లేదు. "నా చేన్లో పెట్టండి మ్మా. ఆడ నిలువులోతు మన్నుండాది. అంతా మీదే గదా. అన్నకు నేను పడిన బాకీ ఇట్లన్నా తీరనీ."

అక్కడ గడ్డపార అవసరమే రాలేదు. తలా మూడు పిడికిళ్లు వేసి వచ్చాం.

సాయంత్రం వాన పట్టుకుంది. గుమ్మంలో నిలబడి చూశాను. ఎర్రటి నీళ్లు పై చేను నుంచి దిగి, ఆయన మీద పోసిన కొత్త మన్నును తాకి, యేటి వైపు సాగిపోతున్నాయి. గంప గోడవారగా బోర్లించి ఉంది.

క్యాలెండరు వెనక ఆ రోజు గీత లేదు. ఒక మాట మాత్రం రాశాను: కింది చేను బాకీ తీరింది.