పైకప్పును నమ్మని మామ

ఈ చలికాలం సెలవులకు వచ్చిన మా మనవరాలు పొద్దస్తమానం ఫోనులో ఒక ఊరి ఆట ఆడుతోంది. ఆ ఊళ్లోనూ ఇప్పుడు చలికాలమే కావడంతో నేనూ కళ్లద్దాలు పెట్టుకుని పక్కన చేరి అక్కడి సంగతులు కనిపెడుతున్నాను. కానీ మీ దగ్గర దాచడమెందుకు, ఆ ఊరి మీద నాకు మొదటిరోజు నుంచీ అనుమానమే. ఇళ్ల మీద అంత మంచు కురుస్తుందా, ఒక్కరికీ ముక్కు కారదు. మనవరాలి బొమ్మ పొద్దున్నే లేచి కోళ్లకు గింజలు చల్లి, గడ్డకట్టిన చెరువుకు బొక్క చేసి చేపలు పట్టి వీధిలోకి వస్తే, ఎదురైన ప్రతివాడూ నవ్వుతూ చేయి ఊపుతాడు. గోదావరిఖనిలో ముసలివాణ్నైన నాకు, ఏ పనీ లేకుండా తెల్లారగట్ల నవ్వేవాణ్ని చూస్తే ముందు జేబు తడుముకోవాలనిపిస్తుంది.

అంతటితో ఆగినా సరే అనుకుందును. చలికాలంలో పొలంలో ఏమీ పండదట, అందుకని ఆ బొమ్మ రోజూ ఒంటరిగా ఒక గనిలోకి దిగి రంగురాళ్లు తవ్వుకొచ్చి, రొట్టెల అంగడి ముందు ఎర్ర మఫ్లరు చుట్టుకుని నిలబడే ఒక కుర్రవాడికి కానుకగా ఇస్తుంది. అలా ఇస్తూ పోతే వాడి మనసు నిండి ఒకనాటికి పెళ్లికి ఒప్పుకుంటాడట. వాడి సంగతి తర్వాత, ముందు ఆ గని చూసి నా గుండె జారింది. ఒక్క మొద్దు ఊతంగా లేదు, తల మీద దీపం లేదు, పైకి చూడటమన్నది అసలే లేదు. "కప్పు కొట్టి చూసినవా బిడ్డా?" అని నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆమె నవ్వి, "ఈ ఆటల కప్పు కూలదు తాతా" అంది. కూలని కప్పు ఒకటుంటుందని చెప్పినవాణ్ని మా మామ అయితే మళ్లీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

నేను చెప్పే రోజులకు ఆయన ఇంకా పిల్లనిచ్చిన మామ కాదు, మా అమ్మ పుట్టిన ఊరివాడు, వరసకు ఆమెకు అన్న. మేమంతా బాయి అని పిలుచుకునే బొగ్గుగనిలో, పైకప్పును పరీక్షించి మొద్దులు నిలబెట్టే పని ఆయనది. ఇనుప పొన్ను వేసిన పొడవాటి కర్రతో మీద కొట్టి, చెవి రిక్కించి వినేవాడు. ఖంగుమంటే గట్టి, డొల్లగా పలికితే లోపల పొర విడిందని అర్థం. ఈ అలవాటు బాయిలో వదిలేసి రావడం ఆయనకు చేతకాలేదు. కంపెనీ క్వార్టరు దొరికినప్పుడు సామాను దించకముందే గోడలన్నీ వేళ్ల కణుపులతో తట్టి చూశాడని చెప్పుకునేవారు. ఎవరైనా పలకరించి నవ్వితే, వాడు వీధి మలుపు తిరిగేదాకా చూసి, వీడికి నాతోని ఏం పనిబడ్డదో అని గొణుక్కునేవాడు.

అలాంటి మనిషి కూతురి మీద నాకు మనసైంది. వీధి కుళాయి దగ్గర బిందె పెట్టి, నీళ్లు నిండేదాకా ఎవరివంకా చూడకుండా నిలబడే పిల్ల. అప్పుడే బాయిలో పనికి కుదిరిన నేను సిగ్గు విడిచి అమ్మతో చెప్పాను, అమ్మ వెళ్లి అడిగింది. మామ అవుననలేదు, కాదనలేదు. చూద్దామన్నాడు. ఆ చూడటం ఎలాంటిదో చలికాలమంతా అనుభవించాను. జట్ల మీద అజమాయిషీ చేసే సర్దారుతో చెప్పి నన్ను తన జట్టులోకి మార్పించుకున్నాడు. షిఫ్టు దిగి నేను చాయ్ హోటలుకు పోతే వెనక బెంచీ మీద ఉండేవాడు. మీకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజేసి పొగ పోయేదాకా వాకిట్లోనే పెట్టేవాళ్లు. ఆ పొగా మంచూ కలిసి ఎదురింటి మనిషి కూడా కంటికి ఆనేవాడు కాదు. ఆ మసకలో నా వెనక ఒక బీడీ నిప్పు కదులుతూ వచ్చేది, నేను ఆగితే అదీ ఆగేది. కొన్నాళ్లకు నేను కూడా ఆయనలాగే తయారై, చెట్టు నీడను చూసినా మామేనేమో అనుకునేవాణ్ని.

బాయి లోపల మాత్రం చలి ఉండదు. పైన వణుకుతూ దిగినవాళ్లం కింద చెమటలు కక్కేవాళ్లం. ఒకరోజు కొత్తగా తెరిచిన చోట సద్ది తినడానికి జట్టంతా చేరింది. మామ కర్రతో మీద అంతా కొట్టి చూసి, "గట్టిగున్నది, రా, కూసో" అని నన్ను పిలిచాడు. ఆయన నన్ను దగ్గరికి పిలవడం అదే మొదటిసారి. సంతోషంగా వెళ్లి కూర్చోవలసినవాణ్ని, ఆ చలికాలమంతా ఆయన దగ్గర నేర్చింది ఒంట్లో ఎక్కిపోయి ఉండాలి, గోడకు ఆనించిన ఇంకో కర్ర తీసుకుని అదే కప్పును అక్కడక్కడా నేనూ కొట్టి, విని, అప్పుడు కూర్చున్నాను. జట్టులో అందరి చేతులూ ఆగిపోయాయి. బాయిలో ఆయన మాటకు ఎదురులేదు, పైగా పిల్లనడిగిన ఇల్లు మాది. మామ నా ముఖంలోకి ఒకసారి చూసి, డబ్బా మూత తీసి తినడం మొదలుపెట్టాడు. ఈ జన్మకు ఆ పిల్ల నాకు లేదని అక్కడే అనుకున్నాను.

నేను ఇల్లు చేరేసరికే కబురు అమ్మకు అందింది. నోటికాడి కూడు కాలదన్నుకున్నావని తిట్టి కళ్లు తుడుచుకుంది. సాయంత్రం మామ మా వాకిట్లోకి వచ్చేసరికి, సంబంధం వద్దని చెప్పడానికేనని ఇద్దరం లేచి నిలబడ్డాం. ఆయన మంచం పట్టె ఊపి చూసి, అప్పుడు కూర్చున్నాడు. పోరడు తెలివితక్కువతనం చేసిండు, మనసుల పెట్టుకోకు అన్నా అని అమ్మ బతిమాలబోతే ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"నేను చెప్పినా నమ్మలే చెల్లె. మల్ల కొట్టి చూసిండు. ఇగ నాకు ఫికర్ లేదు. నా బిడ్డను కూసోబెట్టే జాగ గూడ గట్లనే చూసుకుంటడు."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. నన్ను అంతగా అనుమానించినవాడు లేడు, అంత విలువైనదాన్ని నా చేతిలో పెట్టినవాడూ లేడు.

మొన్న ఆటలో మనవరాలి బొమ్మకు మంచులోనే పెళ్లయింది. పెళ్లికొడుకు నిన్ను ఏమన్నా అడిగిండా అని ఆరా తీస్తే, "ఏం అడగడు తాతా, ఇచ్చింది తీస్కుంటడు, మంచిగ నవ్వుతడు" అంది. మర్నాడు ఆ బొమ్మ మళ్లీ ఒంటరిగా గనికి బయల్దేరితే వాడు గడపలో నిలబడి అదే నవ్వుతో చేయి ఊపాడు. ఎటు పోతున్నావనలేదు, ఎప్పుడొస్తావనలేదు. ఆటేనని తెలిసి కూడా నాకు కలుక్కుమంది.

మేం దిగిన బాయి ఎప్పుడో మూతపడింది. ఇప్పుడంతా ఓపెన్‌కాస్టు, తలెత్తితే ఆకాశమే, కొట్టి చూడటానికి కప్పే లేదు. మామ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు అందరూ మనల్ని ఇట్టే నమ్మేస్తున్నారు, లేదా నమ్మినట్టు నవ్వి సాగిపోతున్నారు. ఒక మనిషిని చలికాలమంతా వెంటాడి అనుమానించే తీరికా, అంత ప్రేమా ఎవరికున్నాయి?

నిన్న మా ఆవిడ ఎండలోకి పాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. నేను కూర్చోకముందే అరచేయి ఆనించి గట్టిగా ఒత్తి చూసి, "ఆఁ, కూసో" అంది. నేను కూర్చోబోయి, ఆగి, నేనూ ఒకసారి ఒత్తి చూశాను. ఆమె నవ్వింది. ఇన్నేళ్లలో ఆ ఒక్క నవ్వు మీద మాత్రం నాకు అనుమానం రాలేదు.