అబూ సాలెం తాత తుపాకీకి మేం పెట్టిన మెరుగు

మా చిన్నప్పుడు... శుక్రవారం సెలవు వచ్చిందంటే అరబ్బు దేశంలో, తబూక్‌లో మా ఇంటి హాలు నిండా మరలే. చాప మీద పాత దుప్పటి పరిచి నాన్న ఏదో ఒకటి విప్పుకుని కూర్చునేవారు. గడియారం, కుట్టుమిషను, తలుపు తాళం... వారమంతా ఊరి బయట పొలాల వర్క్‌షాపులో ట్రాక్టర్లు విప్పింది చాలనట్టు!

నాకు పదేళ్ళప్పుడు ఆ దుప్పటి మీదికి ఏకంగా తుపాకీ వచ్చింది.

మా ఎదురింటి అబూ సాలెం తాతది. వాళ్ళ తాత కాలం నాటి చెకుముకి తుపాకీ... గొట్టం మూతిలోంచి మందు కూరి కాల్చే రకం. ఎప్పుడో గొట్టంలో సీసం పోసి మూసేశారు. గోడకు వేలాడుతూ ఉండేది.

మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ! తుపాకీ ఇంట్లో పెట్టుకుంటారా? ఎవడైనా పోలీసులకి చెప్పాడంటే ఎగ్జిట్ ముద్ర కొట్టి దేశం నుంచి పంపేత్తారు!"

"గొట్టం పూడిపోయిందే బాబూ, ఇది పేలదు. తాతకి ఒక్కసారి నిప్పురవ్వలు చూడాలనుందంట..."

అమ్మ మెత్తబడింది. తాతకి షుగరు కళ్ళకెక్కిందనీ, చూపు ఎంతో కాలం నిలవదనీ ఆవిడకి తెలుసు. ఆయన చిన్నతనంలో గుడారంలో పొయ్యి రాజేయడానికి ఆ తుపాకీ మీటే నొక్కేవారట. రాయి గీరుకుని రవ్వలు రాలేవి. చూపు పోయేలోగా అవి మరోసారి చూడాలని ఆయన కోరిక... అంతే.

నాన్న ప్రతి ముక్కా విప్పి నా డ్రాయింగ్ పుస్తకంలో బొమ్మ వేశారు. ముందు చెక్కతో ఒక నమూనా చేసి, ఏది దేన్ని నెడుతుందో నాకు చూపించారు.

"రాయి ఉక్కుని కొట్టకూడదమ్మలూ... గీరాలి. గీరితేనే రవ్వ."

అరిగిపోయిన ఉక్కురేకు బదులు మామూలు ఇనుముతో ఒకటి చేశారు. ఒక్క రవ్వ రాలేదు! తర్వాత ఇనుము అరగదీసే పాత ఆకురాయి ముక్కను ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచారు. అది పుటుక్కున విరిగింది. ఇంకోటి చేశారు. ఆరో శుక్రవారం మీట నొక్కగానే సర్రున రవ్వలు రాలాయి... నేను చప్పట్లు కొట్టాను.

అప్పుడే పట్టుకెళ్ళి ఇచ్చేసి ఉంటే సరిపోయేది.

కానీ మా నాన్న పనితనం ఊరుకోదే! బాగుచేసి ఇస్తే కొత్తదానిలా ఉండాలి... మా గోదావరి వైపు పనివాళ్ళందరికీ ఉన్న జబ్బే. మసిబారి, గీతలు పడ్డ ఆ చెక్కను చూస్తే ఆయన చేతులు ఆగలేదు. గరుకు కాగితం నాకూ ఒక ముక్క ఇచ్చారు. కుడి పక్క ఆయన, ఎడమ పక్క నేను. రుద్ది రుద్ది, లక్క పాలిష్ మూడు పూతలు వేసి... ఇంకో రెండు శుక్రవారాలు అందులోనే పోయాయి.

ఆ తర్వాత దాన్ని తెల్లగుడ్డలో చుట్టి తీసుకెళ్ళాం. తాత మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో, గోడకానుకుని కూర్చున్నాడు. మా గొంతు విన్నాకే తల తిప్పాడు. నాలుగు రోజుల క్రితం కళ్ళలో రక్తం దిగి, ఉన్న కాస్త చూపూ పోయిందని ఆయన కొడుకు సాలెం మెల్లగా చెప్పాడు.

నాన్న తుపాకీని తాత ఒళ్ళో పెట్టారు. తాత అరచేత్తో తడిమాడు. ఎడమ పక్కకి వచ్చేసరికి బొటనవేలు ఆగింది. వెనక్కి వెళ్ళింది... మళ్ళీ మొదటినుంచి వెతికింది.

"సదీక్... యే మేరా బందూక్ నహీ."

నేస్తం, ఇది నా తుపాకీ కాదంటున్నాడు... మాతో ఆయన మాట్లాడేది వచ్చీరాని హిందీనే! అప్పుడు సాలెం చెప్పాడు. ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడల్లా అబూ సాలెం తాత వాళ్ళ తాత కత్తితో చెక్క మీద ఒక గీత కోసేవాడట. మొత్తం ఏడు. ఆఖరిది అబూ సాలెం తాతది.

ఆ పక్క రుద్దింది నేనే. సిగ్గుతో నాన్న వెనక దాక్కున్నాను.

"మాఫ్ కరో బాబా... మై ఫిర్ కాటేగా," అన్నారు నాన్న. మళ్ళీ కోస్తానని.

తాత తల అడ్డంగా ఊపాడు. "తుమ్ కాటేగా తో తుమ్హారా లైన్. మేరా దాదా కా నహీ."

నువ్వు కోస్తే అది నీ గీతే కదా, మా తాతది కాదు అన్నాడు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, రాయిని వెనక్కి లాగి మీట నొక్కారు. తాత ముఖం ముందే రవ్వలు రాలాయి. అందరం చూశాం, ఆయన తప్ప. నాకు ఏడుపు ఆగలేదు.

రాయి గీరుకున్న కాలిన వాసన గదిలోకి పాకింది. తాత తల పైకెత్తాడు. గట్టిగా ఊపిరి పీల్చి, "మళ్ళీ" అన్నట్టు చెయ్యి ఊపాడు. నాన్న మళ్ళీ నొక్కారు. ఈసారి తాత నవ్వాడు... చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. అరబ్బీలో ఏదో గొణిగాడు. నాకు బళ్ళో నేర్చిన అరబ్బీ చాలు, అర్థమైంది.

"అమ్మ పొయ్యి రాజేస్తోంది," అన్నాడు.

రాయి అంచు మొద్దుబారేదాకా నాన్న నొక్కుతూనే ఉన్నారు.

ఆ తర్వాత కూడా నాన్న చెక్కతో అలాంటి నమూనాలు ఎన్నో చేశారు. ఎవరి పాత సామానైనా చేతికొస్తే మాత్రం "దీని మీద గీతలేమైనా మీక్కావాల్సినవా?" అని అడిగాకే ముట్టుకునేవారు.

నేనిప్పుడు అమ్మలాగే నర్సుని, అదే దేశంలో ఖతీఫ్‌లో ఉంటున్నాను. మొన్న బజారులో గోడకు పెట్టుకునే కొత్త తుపాకులు కనబడ్డాయి. పాతవాటిలా ఉండాలని మిషనుతో గీతలు కోసి మరీ అమ్ముతున్నారు! బొటనవేలితో తడిమి చూశాను. అన్నిటికీ ఒకే చోట, ఒకే లోతు... ఏ బిడ్డా పుట్టని గీతలు.

శుభ్రం చేస్తున్నామనుకుని మీరూ ఏదో ఒకటి చెరిపేసే ఉంటారు. అది ఎవరి చేతి గుర్తో కింద రాయండి... ఇక్కడైనా ఉంటుంది.