ఆదివారానికి ఒక మెటల్ పాట

కువైట్‌లో ఆదివారం పనిదినం. ఆ సంగతి నా ఒంటికి ఇప్పటికీ నచ్చదు. అందుకే మా వార్డు నర్సుల వాట్సాప్ గ్రూపుకి వారం వారం నేనే పాటల మందు రాసిస్తాను. ఆదివారానికి డ్రమ్ములు గుండెల మీద దంచే మెటల్. మంగళవారానికి గిటార్ సాగదీసి ఏడిపించే రాక్. గురువారానికేమీ అక్కర్లేదు, మర్నాడు సెలవన్న మాటే పెద్ద పాట. మెలొడీ పంపమనేవాళ్లకి జవాబే ఇవ్వను. జోలపాట విని డ్యూటీ ఎక్కుతారా ఎవరైనా?

శుక్రవారం మాకు తెలుగు చర్చి. అక్కడి క్వయర్ గ్రూపుకి ప్రాక్టీసు పాటలు పంపేదీ నేనే. మొన్న ఆదివారం నిద్రమత్తులో మెటల్ పాట కాస్తా క్వయర్‌కి వెళ్లిపోయింది, "ఈ వారం ఇదే. సౌండ్ తగ్గించొద్దు" అన్న నా ఆజ్ఞతో సహా.

మంగళవారం దాకా నాకు తెలియనే లేదు. క్వయర్‌లో నా పక్కన నిలబడి పాడే పిన్ని జహ్రా ఊళ్లో ఒక కువైటీల ఇంట్లో పని చేస్తుంది, యజమానురాలిని మామా అంటుంది. ఆవిడ వాయిస్ మెసేజ్ పెట్టింది.

"అమ్మాయ్, రెండ్రోజుల్నించీ అంట్లు తోముతా నేర్చుకుంటన్నా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! మా మామా పరిగెత్తుకొచ్చి ఎవరికేమైందని అడిగింది. సరేగానీ, ఆ అరిచేది ఆడోళ్ల వంతా, మగోళ్ల వంతా?"

నవ్వు ఆగక చేతిలో ట్రే పక్కన పెట్టేశాను. పొరపాటైందని చెప్పడానికే ఫోన్ తీశాను.

"మనదే పిన్నీ, గట్టిగా నేర్చుకో" అని పంపేశాను.